నీలిమందు ఎక్కువైన చొక్కా

12 మార్చి 1989

నాలుగో బెడ్ మళ్ళీ సిగరెట్టుతో దొరికాడు. బాత్రూమ్ కిటికీ దగ్గర, ఒంటికాలి మీద, కొంగలాగా. లాక్కుని పారేశాను. "సిస్టర్, నువ్వు మా అమ్మకన్నా ఘోరం" అన్నాడు. పేరు డంకన్. ఇంగ్లండు నుంచి ఏదో కంపెనీకి సేఫ్టీ ఫిలిం తీయడానికి వచ్చి, వాగు రాళ్ళ మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. సేఫ్టీ ఫిలిం! నవ్వాపుకోలేక చార్టు అడ్డం పెట్టుకున్నాను.

19 మార్చి

డంకన్ మంచం మీద ఎప్పుడూ చిన్న టేప్ రికార్డరు. ట్రాలీ చక్రాల చప్పుడు, పక్క బెడ్ ముసలాయన దగ్గు, నా చెప్పుల చప్పుడు... అన్నీ పట్టుకుంటాడు. ఊరెళ్ళాక సొంత సినిమాలు తీస్తాడట. నేరాల సినిమాలు. "కార్లు, తుపాకులా?" అన్నాను.

కాదట. "చంపినవాడి గురించి కాదు సిస్టర్. వాడు ఇంటికొస్తే అన్నం పెట్టేవాళ్ళ గురించి."

థర్మామీటరు విదిలించకుండానే అతని నోట్లో పెట్టేశాను.

20 మార్చి

నిద్ర లేదు. అన్నం పెట్టేవాళ్ళ గురించి అట.

7 ఏప్రిల్, శుక్రవారం

దార్సైట్‌లో గ్రేసక్క ఇంట్లో ప్రేయర్. గుమ్మం దగ్గర మా అందరి చెప్పుల మధ్య ఒక పెద్ద బూటు. ఒకటే! డిశ్చార్జి అయి ఎన్నాళ్ళో కాలేదు, చంకల్లో కర్రలతో వచ్చేశాడు డంకన్. అక్కే పిలిచిందట. "దొర వాక్యం వింటానంటే కాదంటామా ఏంటే?" అంది. గ్రేసక్కతో ఎవరు వాదిస్తారు. మస్కట్‌లో దిగిన రోజు నుంచి నాకు అన్నం పెట్టింది, ఇంగ్లీషు నేర్పింది, డ్యూటీలో తప్పులు కప్పింది.

మిషన్ ఆసుపత్రిలో దొరసానుల దగ్గర నర్సింగు నేర్చుకున్నవాళ్ళం మేము. తెల్లవాళ్ళు మోకరిస్తే కరిగిపోతాం. డంకన్ మోకరించలేడు, కాలికి కట్టు. కళ్ళు మూసుకున్నాడు. మాకు అదే చాలు. వేరే భాషవాళ్ళు వస్తే పక్కన కూర్చుని చెవిలో తర్జుమా చేయడం మా అలవాటు కదా, అక్క అతని పక్కన కూర్చుంది. అతని ఒళ్ళో టేపు తిరుగుతోంది. "పాటల కోసం" అన్నాడు. పాస్టర్ గారు సంతోషంగా ఒప్పుకున్నారు. సాక్ష్యాల క్యాసెట్లు ఊళ్ళ నుంచి మనమూ తెప్పించుకుంటాం, మన సాక్ష్యమూ పదిమందికి చేరనీ, అన్నారు.

సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరన్నారు. లేచాను. ఎందుకు లేచానో! ఆ అన్నం పెట్టే మాట లోపల తొలుస్తూనే ఉంది మరి.

చెప్పేశాను. మా ఇంటివాడొకడు, అన్నాను. తమ్ముడని అనలేదు, దావీదు పేరెత్తలేదు. ఏలూరు ఆటోస్టాండు గొడవలో పండ్ల కొట్టతన్ని పొడిచారు. పొడిచింది వేరేవాడు, చేతులు పట్టుకుంది మావాడు. ఇంటికొచ్చాడు, తెల్ల చొక్కా మీద రక్తం. చన్నీళ్ళలో ఉప్పేసి నానబెట్టాను. చేతి మడత దగ్గర మరక పోలేదు. పోకపోతే నీలిమందు కలిపాను, ఇంకాస్త కలిపాను, చొక్కా మొత్తం ఆకాశం రంగు అయిపోయింది. మర్నాడు నెల మొదటి ఆదివారం. గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, ఆ చొక్కాతోనే వాణ్ణి ప్రభువు బల్లకి తీసుకెళ్ళాను. "ఏమ్మా రత్నం, నీలిమందు ఊరికే వచ్చిందా?" అని అందరూ నవ్వారు. ఆ చేతులతోనే రొట్టె తీసుకున్నాడు. పోలీసులు వస్తే, వీడికి జ్వరం, నేనే చూసుకుంటున్నాను, ఇల్లు కదల్లేదు అన్నాను. నర్సమ్మ మాట కదా, నమ్మారు. పొడిచినవాడు జైలుకి వెళ్ళాడు. మావాడి పేరు చెప్పలేదు. అప్పటి నుంచి బల్ల దగ్గర రొట్టె ముక్క నా గొంతు దిగదు.

అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఎన్నేళ్ళ తర్వాతో ఒళ్ళు తేలిగ్గా ఉంది.

అదే రోజు, ఇంకొక్క మాట

సాక్ష్యంలో చెప్పనిది వంటింట్లో చెప్పాను. గిన్నెలు కడుగుతూ, గ్రేసక్క ఒక్కదానికే. ఒక సాయంత్రం నేను పోలీస్ స్టేషన్ దాకా వెళ్ళాను. మెట్లు సగం ఎక్కాను. దిగి వచ్చేశాను. అది దావీదుకి కూడా తెలీదు. "నా కడుపులో పెట్టుకుంటానే" అంది అక్క. దావీదు పేరు కూడా ఆమెకే తెలుసు.

21 ఏప్రిల్

అక్క మధ్యాహ్నాలు డంకన్ దగ్గర కూర్చుని ఆ క్యాసెట్టు మొత్తం తర్జుమా చేసి చెబుతోందట. "ఆయనకి ఆత్మీయంగా ఆకలిగా ఉందే" అంటోంది. నాకూ కొంచెం గర్వంగానే ఉంది. ఎందుకు అబద్ధం... చాలా గర్వంగా ఉంది.

4 మే

డంకన్ వెళ్ళిపోయాడు. చంక కర్రలు వార్డుకి ఇచ్చేశాడు. "సిస్టర్, నిన్ను మర్చిపోను." సిగరెట్లు మానేయమన్నాను. నవ్వాడు.

17 జనవరి 1991

యుద్ధం మొదలైంది. వార్డంతా రేడియోలే. పేషెంట్లకన్నా నర్సులకే బీపీ ఎక్కువ ఉంది.

30 సెప్టెంబరు 1992

దావీదు దిగాడు! వీసా కోసం నేను పట్టుకోని కాళ్ళు లేవు. షినాస్‌లో చేపల పడవల ఇంజన్లు బాగుచేసే షెడ్డులో పని. అర్బాబ్, అదే షెడ్డు యజమాని, మంచివాడే అంటున్నారు. ఎయిర్‌పోర్టు బయట సంచి కింద పెట్టకుండానే నా చెవి దగ్గరకి వంగి, "ఇక్కడెవరికీ తెలీదు కదక్కా?" అన్నాడు.

"తెలీదు" అన్నాను.

తెలుసు. కానీ పేరు తెలీదు. తెలిసిన అక్క కడుపులో పెట్టుకుంది. కాబట్టి అది అబద్ధం కాదు... కాదనే అనుకుంటున్నాను.

2 అక్టోబరు

దావీదుని ప్రేయర్‌కి తీసుకెళ్ళాను. గ్రేసక్క వాణ్ణి చూసి ఒక్క క్షణం ఆగింది. తర్వాత రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వేనా దావీదు!" వాడు బిత్తరపోయాడు.

11 ఆగస్టు 1994

ఎండకి తారు కరుగుతోంది. మేట్రన్ షీలా సెలవు నుంచి వచ్చింది, సంచీలో ఇంగ్లండు పేపర్లు. "నీ నాలుగో బెడ్ పెద్దవాడయ్యాడు రత్నా!" అంది. సగం పేజీ డంకన్ ఫోటో. గడ్డం పెంచాడు. రేవు పక్క పేటల్లోని దొంగల మీద, హంతకుల మీద ఇప్పటికి మూడు సినిమాలు తీశాడట. మూడోదానికి బహుమతి వచ్చిందట. ఇంత కటువుగా ఇంత నిజంగా ఎవరూ తీయలేదని రాశారు.

సంతోషంగా చదువుతూ వస్తున్నాను. కింద ఒక ప్రశ్న ఉంది. ఆ నీలం చొక్కా సన్నివేశం మీకెలా తట్టింది?

జవాబు: అది మా అమ్మ. ఆమె ఊరి బట్టలు ఉతికేది. నీలిమందు వాసన నా చిన్నతనం.

నర్సుల గదిలో కూర్చుండిపోయాను. మందుల ట్రాలీ ఎవరు తోశారో తెలీదు.

12 ఆగస్టు

వాళ్ళమ్మట! ఏరు దాటాక తెప్ప తగలేశాడు, సరే. ఆ తెప్పని తనే కట్టుకున్నానని కూడా చెప్పుకుంటున్నాడు! తల్లి పేరు మీద!

15 ఆగస్టు

ఉత్తరం రాయాలని కూర్చున్నాను. ఏమని రాయాలి? నా చొక్కా నాకిచ్చేయమనా? చించేశాను.

19 ఆగస్టు, శుక్రవారం

ప్రేయర్ అయ్యాక గ్రేసక్కకి చెప్పాను, డంకన్ ఇలా చేశాడని. "అయ్యో, అలాగా?" అంది. కళ్ళు చూడలేదు, పప్పు కలుపుతోంది. నాకన్నా ఎక్కువ కోప్పడుతుందనుకున్నాను. ఎవరి కోపం వాళ్ళది.

10 సెప్టెంబరు 1995

నన్ను అల్ ఖౌద్ వైపు క్లినిక్‌కి మార్చారు. కొత్త రూమ్. యూనివర్సిటీ పిల్లల జ్వరాలు, పడిశాలు. కింద వీడియో కొట్టు ఉంది. కొట్టు మలబారీ అన్నని అడిగాను. డంకన్ ఆ మూడో సినిమా దుబాయ్ నుంచి తెప్పిస్తానన్నాడు.

3 అక్టోబరు

క్యాసెట్టు వచ్చింది. మధ్యాహ్నం ఒక్కదాన్నే పెట్టుకున్నాను, తలుపు గడియ వేసి.

అక్కాతమ్ముడు. చలి ఊరు. తమ్ముడు ఇంటికి వచ్చాడు. అక్క చన్నీళ్ళు పట్టింది, ఉప్పు వేసింది. నా చేతులే. నీలిమందు వేసింది, మళ్ళీ వేసింది. ఆ పిల్ల ముఖం నా ముఖం కాదు కానీ ఊపిరి నాదే. చర్చిలో ఒక ముసలామె చొక్కా చూసి నవ్వింది. పోలీసులతో అక్క, వీడికి జ్వరం అంది.

అంతవరకు కోపంతో చూశాను. తర్వాత చివరి సీను. వాన పడుతోంది. అక్క పోలీస్ స్టేషన్ ముందు నిలబడింది. మెట్లెక్కింది. సగంలో ఆగింది... మళ్ళీ ఎక్కింది. లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. అయిపోయింది.

మెట్లు సాక్ష్యంలో చెప్పలేదు నేను. టేపులో లేవు. మెట్లు వంటింట్లో చెప్పాను.

4 అక్టోబరు

ఇంటి దొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. ఇన్నేళ్ళు ఆ ఇంట్లోనే అన్నం తిన్నాను.

6 అక్టోబరు, శుక్రవారం

ప్రేయర్‌కి ముందే దార్సైట్ వెళ్ళాను. అక్క ఒక్కతే ఉంది, చాపలు పరుస్తోంది. వేరే మాట లేకుండా "మెట్లు" అన్నాను.

చేతిలో చాప వదిలేసింది. తర్వాత లోపలికి వెళ్ళి బీరువా తీసింది. చీరల వెనక నుంచి అదే సినిమా క్యాసెట్టు తీసింది. డంకన్ ఎప్పుడో పంపించాడట. నేను పోయినేడు ఆగస్టులో చెప్పినప్పటికే ఆమె దగ్గర ఉందట! "అయ్యో, అలాగా" అన్నప్పటికే!

"కోపంగా చూడకే రత్నం. నీ పేరు లేదు, ఊరు లేదు. ఇంగ్లీషోళ్ళ కథ అనుకుంటారు."

"మెట్ల సంగతి ఎందుకు చెప్పావు?"

"అడిగేడే. ఆ తర్వాత ఏం జరిగింది, ఆ అమ్మాయి చివరికి ఏం చేసింది, అని రోజూ అడిగేవాడు."

"సగంలో దిగిపోయానని చెప్పాను నీకు. సినిమాలో లోపలికి వెళ్ళింది."

అక్క చాప మీద కూర్చుంది. "వెళ్ళిందనే చెప్పేను" అంది.

నాకు మొదట అర్థం కాలేదు.

"సాక్ష్యం చీకట్లో ఆగిపోకూడదు కదే. ఏ సాక్ష్యమైనా చివర వెలుగుండాలి. ప్రభువు గెలిచినట్టుండాలి. దొర ముందు మన పిల్ల ఓడిపోయినట్టు ఎలా చెప్పను? వెళ్ళి నిజం ఒప్పుకుంది, మనసు కుదుటపడింది, అని చెప్పేను. ఆయన రక్షణ పొందుతాడనుకున్నాను."

కంచే చేను మేసింది. పైగా పాట కూడా పాడింది.

అరిచాను. ఏమన్నానో సగం గుర్తులేదు. "నన్ను అమ్మేశావు" అన్నది గుర్తుంది. అక్క ఏడుస్తూ, "నీ గురించి నేను రోజూ చేసే ప్రార్థన అదేనే, నువ్వు ఆ మెట్లు ఎక్కాలని" అంది. అది నాకు ఇంకా ఎక్కువ తగిలింది. ఇన్నాళ్ళూ నా పక్కన మోకరించి, నేను తమ్ముణ్ణి పట్టివ్వాలని అడుగుతోందన్న మాట.

మొదటి చెప్పులు గుమ్మంలోకి వచ్చేసరికి నేను మెట్లు దిగుతున్నాను. దిగడం నాకు బాగా వచ్చు.

13 అక్టోబరు

ప్రేయర్‌కి వెళ్ళలేదు. ఒక్క శుక్రవారం నాకే సొంతం. బట్టలుతుక్కున్నాను. తెల్లబట్టలు పక్కకి పెట్టేశాను.

20 అక్టోబరు

షీలా ఫోన్ చేసింది, ఇంగ్లండు విశేషాలతో. డంకన్ తర్వాతి సినిమా మొదలుపెట్టాడట. ఈసారి ఎవరి ఇంట్లో కూర్చున్నాడో, ఎవరు అన్నం పెట్టి మాట్లాడుతున్నారో.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి అనేది మా నాయనమ్మ. శనగల గురించి చెప్పిందనుకున్నాను అప్పుడు.

9 నవంబరు

దావీదు నుంచి క్లినిక్‌కి ఫోన్. వాడెప్పుడూ డ్యూటీ టైమ్‌లో చేయడు.

"అక్కా, రూమ్‌లో మలబారీ వాళ్ళు ఒక ఇంగ్లీషు సినిమా పెట్టేరు."

నేను కుర్చీ వెతుక్కున్నాను.

"మాటలు అర్థం కాలేదక్కా. చొక్కా అర్థమైంది."

లైన్‌లో సముద్రం చప్పుడో, గాలో. "ఎవరికి చెప్పేవు?" అన్నాడు. "వస్తున్నాను, వచ్చి చెబుతాను" అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

10 నవంబరు, శుక్రవారం

షినాస్. టాక్సీలో దారి పొడవునా ఒకవైపు ఖర్జూరం తోటలు, ఇంకోవైపు ఏం చెప్పాలో తెలియని నేను.

దావీదు షెడ్డు బయట బోర్లించిన పడవ మీద కూర్చుని డీజిలు గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. నన్ను చూసి లేవలేదు. ఎవరితోనో చెప్పి పాలు లేని టీ తెప్పించాడు. గ్లాసు నా చేతికివ్వలేదు, పడవ మీద పెట్టాడు.

సాక్ష్యం సంగతి చెప్పాను. టేపు, డంకన్, గ్రేసక్క... అన్నీ చెప్పాను. పేరు చెప్పలేదురా అన్నాను. వినీ విననట్టు చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఆ చేతులు ఎంత తుడిచినా నల్లగానే ఉంటాయి.

"మెట్లెక్కేవా?"

"సగం ఎక్కేను. దిగిపోయాను."

"సినిమాలో లోపలికెళ్ళింది."

"అది సినిమారా! అక్క కల్పించింది!"

"చొక్కా నిజమే కదా. ఉప్పు నిజమే. నాకు జ్వరమని చెప్పింది నిజమే. అన్నీ నిజమైతే అదొక్కటే అబద్ధం ఎలాగవుద్ది?"

ఉన్న ఒక్క నిజానికీ సాక్షిని నేనే. నేనేమో అబద్ధం చెప్పి పోలీసుల్నే నమ్మించినదాన్ని, అది వాడికన్నా బాగా ఎవరికి తెలుసు?

"రెండోసారి పోలీసులు ఎందుకొచ్చేరక్కా?" అన్నాడు మెల్లగా. "ఒకసారి నమ్మి వెళ్ళిపోయినోళ్ళు మళ్ళీ ఎందుకొచ్చేరు? అప్పట్నుంచీ అనుకుంటానే ఉన్నా."

ఆటోవాళ్ళందరి ఇళ్ళకీ వచ్చారు అప్పుడు. అదే చెప్పాను. తల ఊపాడు, నమ్మినవాడు ఊపినట్టు కాదు.

వచ్చేముందు, "సగమైనా ఎక్కేవుగా" అన్నాడు. దిగినందుకు ఒక్క మాట అనలేదు. వాడి కోసమే దిగాను. నా జీవితంలో నేను చేసిన పెద్ద పాపం ఆ దిగడమే, అది వాడి కోసమే. అది వాడికి కనబడలేదు.

టీ తాగకుండా వచ్చేశాను.

17 నవంబరు

వాడు ఫోన్ ఎత్తడం లేదు. షెడ్డులో పిలిస్తే బయటికి వెళ్ళాడంటున్నారు.

గ్రేసక్క రూమ్‌కి వచ్చింది. తలుపు తీయలేదు. గుమ్మం ముందు క్యారియర్ పెట్టి వెళ్ళింది. గోంగూర పచ్చడి వాసన. తలుపు అవతల ఆమె కొంచెంసేపు నిలబడింది, చెప్పుల చప్పుడు తెలుస్తోంది. ఇవతల నేనూ నిలబడ్డాను. ఆమె అన్నం లేకపోతే ఈ దేశంలో నేను మొదటి ఏడే చచ్చేదాన్ని. అదీ నిజమే. పచ్చడి తినలేదు. పారేయనూ లేదు.

26 నవంబరు

వార్డులో డంకన్ సిగరెట్లు లాక్కున్న రోజు గుర్తొచ్చింది. ఎంత పెద్దరికంగా లాక్కున్నాను! టేపు లాక్కోవాల్సింది.

అతను ఆ రోజు ప్రేయర్‌లో కళ్ళు మూసుకుని ఉన్నాడు చూడు... ప్రార్థన కాదు. వింటున్నాడు. ఏ పాటలో ఎక్కడ గొంతు పగులుతుందో వింటున్నాడు. మేము ఆమెన్ అన్నాము.

29 నవంబరు

దావీదు ఫోన్ చేశాడు! గొంతు మామూలుగా ఉంది, అదే భయం.

"శుక్రవారం ప్రేయర్‌కి వస్తున్నా."

"వద్దురా" అన్నాను ముందు. ఎందుకో నోటికి అదే వచ్చింది.

"మొదటి శుక్రవారం కదా, బల్ల ఉంటుందిగా. నేను లేచి సాక్ష్యం చెబుతా. నా పేరుతో చెబుతా. గ్రేసక్కని పక్కన తర్జుమాకి కూర్చోబెట్టు. టేపు కూడా పెట్టమను. ఈసారి చివర నేనే చెప్పుకుంటా."

"ఏం చివర చెబుతావురా?"

అవతల ఎవరినో స్పానరు తెమ్మన్నాడు.

"దావీదూ, ఈ మాట ఏలూరు వెళ్తుంది. ప్రేయర్‌లో సగంమంది మనవాళ్ళే. ఊళ్ళో నీ భార్యకి, వాళ్ళ పుట్టింటికి తెలుస్తుంది. కేసు మళ్ళీ..."

"బయటపడకూడనిది నీదేమన్నా ఉందా అక్కా అందులో?" అన్నాడు. తర్వాత, "తెల్ల చొక్కా ఒకటి నీ దగ్గర ఉండాలి, పోయినసారి వదిలేసేను. ఉతికి పెట్టు" అన్నాడు.

30 నవంబరు, గురువారం

రేపు వస్తాడు. వాడు తన పాపం ఒప్పుకుంటాడో, నన్ను అందరి ముందు పట్టిస్తాడో, లేక ఏ తలుపు దాకా వెళ్ళి ఎక్కడ ఆగుతాడో... నాకు తెలీదు. నేను సగంలో దిగినట్టు వాడూ దిగితే బాగుండుననుకుంటున్నాను. అలా అనుకోవడం తప్పనీ తెలుసు. గ్రేసక్క నా గురించి చేసిన ప్రార్థన గుర్తొస్తోంది. దానికి సరిగ్గా తలకిందులుగా నేను చేస్తున్నాను. ఇద్దరం ప్రేమ అనే అంటాం.

అక్కకి కబురు పంపాలా? పంపితే తర్జుమాకి వస్తుంది. వస్తే వెలుగు కలుపుతుంది.

చొక్కా బకెట్టులో నానుతోంది. మెడ దగ్గర చెమట మరక, జేబు దగ్గర డీజిలు మరక. అంతే, ఇంకేమీ లేదు. ఉతికాను, మళ్ళీ ఉతికాను. తెల్లచొక్కా అన్నాక చివర కాస్త నీలిమందు పెట్టాలి, ఎవరైనా పెడతారు. కొట్టు నుంచి సీసా తెచ్చాను. బకెట్టు పక్కనే ఉంది. మూత ఇంకా తీయలేదు.